చిన్న ఎలక్ట్రిక్ స్నో బ్లోయర్ సరిపోతుందా? పదకొండు చలికాలాలు మంచు ఎత్తినవాడి జవాబు

గుంటూరు బ్రాడీపేట నుంచి అడిగిన మాస్టారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండీ. మీ అబ్బాయి న్యూజెర్సీ ఎడిసన్‌లో ఇల్లు కొన్నాడు, మనవడో మనవరాలో పుట్టే టైముకి మీరూ మీ ఇంటావిడా డిసెంబర్లో వెళ్తున్నారు, అబ్బాయి వైరుతో నడిచే 18 అంగుళాల చిన్న కరెంటు స్నో బ్లోయర్ (మంచుని ఎత్తి పక్కకి విసిరే మెషిన్) కొంటానంటున్నాడు, వాళ్ళ పక్కింటాయన మాత్రం అది పిల్లల బొమ్మ, కొంటే పెట్రోల్ది కొనమన్నాడు. అబ్బాయి ఆఫీసుకెళ్ళినప్పుడు ఆ మెషిన్ మీరు నడపగలరా అన్నది రెండో ముక్క. మీకు 63 ఏళ్ళు, బీపీకి మాత్ర వేసుకుంటున్నారు.

జవాబు ముందే చెప్పేస్తా. కొనమనండి, ఎడిసన్లో రెండు కార్ల డ్రైవ్‌వేకి (ఇంటి నుంచి రోడ్డు దాకా కారు వెళ్ళే దారికి) అది సరిపోతుంది. కాకపోతే మంచు మొత్తం పడి ఆగేదాకా ఇంట్లో కూర్చుని అప్పుడు బయటికెళ్తే మాత్రం సరిపోదు, 4-5 అంగుళాలు పడ్డప్పుడల్లా వెళ్ళి తీసేయాలి. ఇక మీరు నడపడం గురించి, మెషిన్ తొయ్యడం వరకు పర్లేదేమో గానీ మీ డాక్టర్ని అడక్కుండా వద్దు, పార మాత్రం అస్సలు పట్టుకోవద్దు. ఎందుకో కింద వివరంగా రాస్తా.

నేను ఇప్పుడు విజయవాడ పటమటలో ఉంటున్నా గానీ 2010 నుంచి 2021 దాకా డెట్రాయిట్ పక్కన నోవైలో ఉన్నా, పదకొండు చలికాలాలు. మొదటి ఏడాది వట్టి పారతో లాగించా, నడుం పట్టేసి రెండు రోజులు మంచం దిగలేదు, ఆ తర్వాత ఏడాది డిసెంబర్లో ఇలాంటి వైరు మెషినే కొన్నా, వచ్చేసేటప్పుడు పక్కింటి కుర్రాడికి ఇచ్చేసి వచ్చా, అప్పటికీ బాగానే తిరుగుతోంది.

అసలు కొనే ముందు ఒక్క మాట అబ్బాయిని అడగండి, అది టౌన్‌హౌసా (గోడలు కలిపి వరసగా కట్టిన ఇల్లు) విడి ఇల్లా అని. టౌన్‌హౌస్ అయితే చాలాచోట్ల నెలనెలా కట్టే అసోసియేషన్ ఫీజులోనే మంచు తీసే పని కూడా ఉంటుంది, అలాంటప్పుడు గుమ్మం ముందు నాలుగు మెట్లకి ఒక పార, ఒక ఉప్పు బస్తా చాలు. విడి ఇల్లయితే డ్రైవ్‌వేతో పాటు ఇంటి ముందు పుట్‌పాత్ కూడా మీదే బాధ్యత, మంచు ఆగాక ఇన్ని గంటల్లోపు తీయాలని ఊరు ఊరుకీ రూలు ఉంటుంది, తీయకపోతే ఫైన్ వేస్తారు. డ్రైవ్‌వే కంకర్ది అయితే కూడా ఈ మెషిన్ వద్దు, ఎందుకంటే దీని రబ్బరు రెక్కలు నేలకి తగులుతూ తిరుగుతాయి, రాళ్ళని ఏరుకుని అద్దాల మీదకి విసురుతుంది.

ఇప్పుడు పక్కింటాయన బొమ్మ అన్న సంగతి. ఆయన పూర్తిగా తప్పు చెప్పలేదు, కానీ ఆయన దృష్టిలో ఉన్నది వేరే మెషిన్. వీటిల్లో రెండు రకాలు. చిన్నదాన్లో ముందు ఒక్కటే రోలర్ ఉంటుంది, దాని రబ్బరు రెక్కలే మంచుని తీసుకుని అవే పైన గొట్టంలోంచి బయటికి విసురుతాయి, సింగిల్ స్టేజ్ అంటారు. పెద్దదాన్లో ముందు ఇనప స్క్రూ మంచుని నలిపి లోపలికి లాగుతుంది, వెనక ఇంకో ఫ్యాన్ దాన్ని దూరంగా కొడుతుంది, అది టూ స్టేజ్, అడుగు పైన మంచు ఉన్నా దూసుకెళ్తుంది. కానీ అది వంద కిలోల దాకా ఉంటుంది, వెయ్యి డాలర్లు పైమాటే, పెట్రోలు, ఆయిలు, వేసవిలో పెట్రోలు అలాగే వదిలేస్తే కార్బురేటర్ జిగురు పట్టేసి మళ్ళీ చలికాలం తాడు లాగీ లాగీ భుజం పోతుంది, గరాజ్‌లో సగం చోటు అదే తింటుంది. మీ అబ్బాయి అనుకుంటున్నది పదిహేను కిలోలు అటూ ఇటూ ఉంటుంది, ఒక చేత్తో గోడకి ఆనించి పెట్టొచ్చు, బటన్ నొక్కి హ్యాండిల్ పట్టుకుంటే స్టార్ట్, వదిలేస్తే ఆగిపోతుంది. ఇంకోటి, చప్పుడు తక్కువ. పొద్దున్న ఐదున్నరకి తీసినా పైన గదిలో పసిబిడ్డ లేవదు, ఇది మీ ఇంట్లో ఈ ఏడాది అన్నిటికన్నా పెద్ద విషయం అవుతుంది చూడండి.

ఎడిసన్ వైపు ఏడాదికి సుమారు 25-30 అంగుళాల మంచు పడుతుంది, అది కూడా చాలాసార్లు రెండు మూడు అంగుళాల చొప్పున. మాకు డెట్రాయిట్లో మామూలుగా 40-45 పడేది, 2013-14లో అయితే 94.9 అంగుళాలు పడింది, ఆ ఊరి రికార్డుల్లోనే అంత ఎప్పుడూ లేదు, ఆ ఏడాది కూడా నేను ఆ బొమ్మతోనే నెట్టుకొచ్చా. అంటే ఏడాది మొత్తం ఎంత పడిందన్నది ముఖ్యం కాదు, మీరు మెషిన్ పెట్టే క్షణంలో దాని ముందు ఎంత ఎత్తు మంచు ఉందన్నదే లెక్క.

2015 ఫిబ్రవరి 1, ఆదివారం నాకు బాగా గుర్తు. ఆ రోజూ మర్నాడు తెల్లారేలోపూ కలిపి డెట్రాయిట్లో 16.7 అంగుళాలు పడింది. మా ఎదురింటాయనది కూడా నాలాంటి మెషినే, ఆయన మొత్తం ఆగాక ఒకేసారి తీద్దామని ఊరుకున్నాడు. నేను మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి, తెల్లారి ఒకసారి వెళ్ళా, ఒక్కో సారికి ఇరవై ఐదు ముప్పై నిమిషాలు పట్టింది. రాత్రి పదింటికి వెళ్ళినప్పుడు నేను సాయంత్రం తీసిన ఆనవాలే లేదు, మెషిన్ ముందు ఉండే లైటు వెలుగులో మంచు అడ్డంగా కొట్టుకుపోతోంది, కానీ కింద ఉన్నది నాలుగంగుళాలే కాబట్టి మన జిన్నింగు మిల్లులో దూది ఎగిరినట్టు తేలిగ్గా ఎగిరిపోయింది. పొద్దున్న ఎదురింటాయన మెషిన్‌ని మంచులోకి తోస్తే అది లోపలికి పోకుండా గోడని గుద్దుకున్నట్టు ఆగిపోయింది, దాని నోరు ఎత్తే పదంగుళాలు, మంచు అంతకు మించి ఉంది, పైపైన పారతో కోసి కింద మెషిన్ పెట్టి, మళ్ళీ పైన కోసి, పాపం మధ్యాహ్నం దాకా చేస్తూనే ఉన్నాడు. మెషిన్ ఒకటే, మంచు ఒకటే.

బరువు సంగతి కూడా చెప్తా, ఎందుకంటే మనం మంచు అంటే తేలిక అనుకుంటాం. మామూలు మంచు పదంగుళాలు కరిగితే ఒక అంగుళం నీళ్ళు వస్తాయి. మీ అబ్బాయిది 18 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు డ్రైవ్‌వే అనుకోండి, ఆరంగుళాలు పడితే దాని మీద దాదాపు 1,150 లీటర్ల నీళ్ళున్నట్టు. మన డాబా మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు ఉంటుంది కదా, అది నిండా ఉన్నది మొత్తం పారతో ఎత్తి పక్కకి పొయ్యడం అన్నమాట. సున్నా డిగ్రీల దగ్గర పడే తడి మంచు అయితే అదే ఆరంగుళాలు ఇంకా బరువు.

ఈ తడి మంచుతోనే ఈ మెషిన్లకి అసలు కష్టం. గట్టి చలిలో పడ్డ పొడి మంచు పది పదిహేను అడుగుల దూరం పోతుంది (డబ్బా మీద ఇంకా ఎక్కువే రాస్తారు, నమ్మొద్దు). తడిది మాత్రం ఇడ్లీ పిండిలా ఉంటుంది, గొట్టం గోడలకి అంటుకుంటూ అంటుకుంటూ ఒక్కసారిగా మూసుకుపోతుంది, మోటారు తిరుగుతుంటుంది గానీ బయటికి ఏమీ రాదు. అప్పుడు ఏం చేయాలంటే సగం వెడల్పే పట్టండి, 18 అంగుళాల నోటికి తొమ్మిది అంగుళాలే ఇవ్వండి, కానీ నెమ్మదిగా కాదు, చకచకా నడవాలి, నెమ్మదిగా వెళ్తే మంచు వేగం తగ్గి గొట్టంలోనే కూర్చుంటుంది. మొదలెట్టే ముందు మెషిన్ పొడిగా ఉన్నప్పుడే గొట్టం లోపల సిలికాన్ స్ప్రే కొట్టండి, లేకపోతే వంటింట్లో పెనానికి కొట్టే నూనె స్ప్రే అయినా పర్లేదు. కొబ్బరినూనె మాత్రం రాయొద్దు, మన దగ్గరే సంక్రాంతికి గడ్డకట్టే నూనె అక్కడ మైనంలా అయిపోతుంది, మంచు ఇంకా పట్టుకుంటుంది.

గొట్టం మూసుకుపోతే చెయ్యి పెట్టొద్దు. మోటారు ఆపినా పెట్టొద్దు. హ్యాండిల్ వదలండి, రెక్కలు పూర్తిగా ఆగేదాకా చూడండి, ప్లగ్గు పీకండి, బ్యాటరీది అయితే బ్యాటరీ తీయండి, అప్పుడు కూడా కర్రతోనో మెషిన్‌తో ఇచ్చే ప్లాస్టిక్ పుల్లతోనో కెలకండి. మా వీధిలో ఒకాయన పెద్ద పెట్రోల్ మెషిన్ ఆపేసి గ్లౌజు చెయ్యి పెట్టాడు, ఇంజన్ ఆగినా లోపల బెల్టులో బిగువు మిగిలి ఉంటుంది, గడ్డ కదిలేసరికి రెక్క ఒక్క పావు చుట్టు తిరిగింది, రెండు వేళ్ళ కొసలు పోయాయి. ఆ అరుపు విని మేమందరం బయటికొచ్చాం. కరెంటు మెషిన్లో అంత బిగువు ఉండదంటారు గానీ నేను ఆ రోజు తర్వాత దేనిలోనూ చెయ్యి పెట్టలేదు, మా పిల్లల్ని దాని దగ్గరికి కూడా రానివ్వలేదు. మఫ్లరు, శాలువా, కండువా కొసలు వేలాడకుండా కోటు లోపలికి దోపుకోవాలి, ఇది మీ ఇంటావిడకి కూడా చెప్పండి, చీర కొంగుతో ఆ చుట్టుపక్కలకి రావొద్దని.

ఇక వైరు. చాలామంది మెషిన్‌ని తిట్టుకునేది వైరు వల్లే అని నా గట్టి నమ్మకం. ఈ 18 అంగుళాలవి చాలావరకు 15 ఆంప్స్ లాగుతాయి, అక్కడ 120 వోల్టులు కాబట్టి 1800 వాట్లు, మన గీజరు తీసుకునేంత. నేను మొదట ఇంట్లో ఉన్న సన్న వైరు, 16 గేజ్ది, వంద అడుగులది పెట్టా. మెషిన్, తక్కువ వోల్టేజ్‌లో బోరు మోటారు మూలిగినట్టు మూలిగింది, పది నిమిషాలకి వైరు చుట్ట ముట్టుకుంటే వేడిగా ఉంది. తర్వాత లెక్క వేసుకుంటే అంత పొడవు సన్న వైర్లో దాదాపు 12 వోల్టులు వైరే మింగేస్తుంది, అదే 12 గేజ్ లావు వైరైతే 5 వోల్టుల లోపే. యాభై అడుగుల దాకా 14 గేజ్, వంద అడుగులకి 12 గేజ్, బయట వాడేది అని దాని మీద రాసి ఉన్నది తీసుకోండి. గేజ్ నంబరు తగ్గేకొద్దీ వైరు లావు అని గుర్తుపెట్టుకోండి, షాపులో తికమక పడతాం. చలికి గట్టిపడి కర్రలా అయిపోని రకం ఉంటుంది, నాలుగు డాలర్లు ఎక్కువైనా అదే కొనండి, రంగు పసుపో నారింజో అయితే మంచులో కనపడుతుంది.

ప్లగ్గు బయట గోడకి ఉండే జీఎఫ్‌సీఐ దానికే పెట్టాలి, మన ఇళ్ళల్లో ఆర్‌సీసీబీ చేసే పనే అది చేస్తుంది, తడిలో కరెంటు లీకైతే వెంటనే కట్ చేస్తుంది. అదే లైన్లో గరాజ్‌లో ఫ్రిజ్జో హీటరో ఉంటే బ్రేకర్ పడిపోతూ ఉంటుంది, పాత ఇళ్ళల్లో మరీను, కొనకముందే ఏ ప్లగ్గు ఏ బ్రేకర్ మీద ఉందో అబ్బాయిని చూసుకోమనండి. తీసేటప్పుడు ప్లగ్గు దగ్గర మొదలెట్టి దూరంగా వెళ్ళాలి, వైరు ఎప్పుడూ తీసేసిన వైపు, మీ వెనకాల ఉండాలి, భుజం మీంచి వేసుకుంటే ఇంకా మంచిది. నేను ఒకసారి వెనక్కి తిప్పేటప్పుడు చూసుకోలేదు, వైరు నోట్లోకి పోయి రెండు ముక్కలైంది, జీఎఫ్‌సీఐ పడిపోబట్టి ఏమీ కాలేదు.

బ్యాటరీది తీసుకోవచ్చా అని కూడా కింద కామెంట్లలో ఎవరో అడిగారు. తీసుకోవచ్చు, వైరు గొడవ ఉండదు, కానీ రేటు రెండు మూడు రెట్లు, తడి మంచులో బ్యాటరీ చెప్పినదాంట్లో సగం టైముకే అయిపోవచ్చు. బ్యాటరీని గరాజ్‌లో వదలకూడదు, ఇంట్లో వెచ్చగా పెట్టుకుని బయటికెళ్ళేటప్పుడే బిగించాలి, గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ పెట్టకూడదు, లిథియం బ్యాటరీ పాడైపోతుంది. డ్రైవ్‌వే మరీ పొడుగైతేనో, కార్నర్ ప్లాటై పుట్‌పాత్ రెండు వైపులా ఉంటేనో బ్యాటరీది ఆలోచించండి, ఎడిసన్లో మామూలు ఇంటికి వైరుదే నా ఓటు.

ఇప్పుడు మీ విషయానికి వస్తా. డ్రైవ్‌వే మొత్తం తీసేశాక, హమ్మయ్య అనుకునేలోపు టౌన్ వాళ్ళ ట్రక్కు రోడ్డు ఊడ్చుకుంటూ వచ్చి ఆ మంచంతా మీ డ్రైవ్‌వే మొదట్లో గట్టు కట్టి పోతుంది. ఇది రోడ్డు ఉప్పు, నీళ్ళు, బురద కలిసి బూడిదరంగులో ఉంటుంది, గంట ఆగితే రాయి. ఈ గట్టు దగ్గర చిన్న మెషిన్ నోరు పెట్టి తోస్తే ఎగిరి ఎగిరి వెనక్కొస్తుంది, బెల్లం దిమ్మ కొట్టినట్టు పారతో అంచు నుంచి చిన్న చిన్న పెళ్ళలు తీసి మెషిన్ ముందు వేసుకుంటూ పోవాలి. ఆ పార పని మీరు చెయ్యొద్దు. చల్లగాలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది, పైగా చేతులతో బరువెత్తుతాం, ఊపిరి బిగబడతాం, అన్నీ ఒకేసారి గుండె మీద పడతాయి, మంచు ఎత్తుతూ గుండెపోటు రావడం గురించి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్ళు చలికాలం వస్తే హెచ్చరిస్తూనే ఉంటారు. మీరు రోజూ పొద్దున్నే వాకింగ్ చేసేవారే కావచ్చు, గుంటూరు ఎండకి అలవాటైన ఒళ్ళు వేరు, మైనస్ పదిలో పార వేరు. మెషిన్ తొయ్యడం కూడా ఊరికే నడకేం కాదు, తిప్పాలి, లాగాలి. బయల్దేరే ముందే మీ డాక్టర్ దగ్గర ఈ మాట ఎత్తండి. సరే అన్నా పదిహేను నిమిషాలకోసారి లోపలికి రండి, ఛాతీలో బిగుతు, ఎడమ చెయ్యి లాగడం, చలిలో కూడా చెమట, ఏది అనిపించినా అక్కడే వదిలేసి 911కి (మన 108 లాంటిది) ఫోన్ చెయ్యండి, అబ్బాయికి తర్వాత. గట్టు పని సాయంత్రం అబ్బాయి చూసుకుంటాడు, లేదా వీధిలో స్కూలు పిల్లలు ఇరవై డాలర్లకో ముప్పై డాలర్లకో చేసిపెడతారు, ఆ డబ్బుకి వెనకాడొద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తా. గాలి ఎటు వీస్తోందో అటే గొట్టం తిప్పాలి. డ్రైవ్‌వే మధ్యలో మొదలెట్టి రెండు పక్కలకీ విసరండి, ఒక పక్క నుంచి మొదలెడితే అదే మంచుని రెండుసార్లు ఎత్తాల్సొస్తుంది. రోడ్డు మీదకి విసరకూడదు, చాలా ఊళ్ళల్లో నేరం. ఫైర్ హైడ్రంట్ (మంటలార్పేవాళ్ళు నీళ్ళు పట్టుకునే పంపు) పక్కన ఉంటే దాన్ని పూడ్చెయ్యొద్దు. కొన్ని ఇళ్ళకి పక్క గోడలోంచి రెండు తెల్ల ప్లాస్టిక్ పైపులు బయటికి ఉంటాయి, అవి ఇల్లు వేడిచేసే ఫర్నేస్‌వి, వాటి మీదకి మంచు పడకూడదు, అవి మూసుకుపోతే హీటింగ్ ఆగిపోవచ్చు, ఇంట్లోకి కార్బన్ మోనాక్సైడ్ కూడా రావచ్చు, దానికి వాసన ఉండదు, పసిబిడ్డ ఉన్న ఇల్లు కాబట్టి డిటెక్టర్ పనిచేస్తోందో లేదో బటన్ నొక్కి చూడమనండి. కారు స్టార్ట్ చేసే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీయడం కూడా ఇందుకే. మంచు సూచన ఉన్న ముందురోజు రాత్రి డ్రైవ్‌వే మీద పడి ఉన్న పేపరు, కాలిపట్టా, పిల్లల బంతులు తీసెయ్యండి, ప్లాస్టిక్ కవర్లో ఉన్న తడి న్యూస్ పేపర్ మంచు కింద కనపడక నోట్లో ఇరుక్కుంటే తీయడానికి నాకు అరగంట పట్టింది.

తీసేశాక నేల మీద పల్చటి పొర మిగులుతుంది, రాత్రికి అది అద్దంలా గడ్డకడుతుంది, కంటికి కనపడదు, జారిపడేది దాని మీదే. అందుకని చివర్లో ఉప్పు చల్లాలి. మామూలు రాతి ఉప్పు, అంటే మన కళ్ళుప్పు లాంటిదే, సుమారు మైనస్ 9 డిగ్రీల దాకా పనిచేస్తుంది, అంతకంటే చలిగా ఉంటే కాల్షియం క్లోరైడ్ తేవాలి. గుప్పెళ్ళు గుప్పెళ్ళు పొయ్యక్కర్లేదు, కోడిపిల్లలకి నూకలు చల్లినట్టు చాలు, ఎక్కువైతే కాంక్రీటు పెచ్చులు లేస్తుంది.

మెషిన్ ఆలనా పాలనా పెద్దగా ఏమీ లేదు. పని అయ్యాక ఒక నిమిషం ఖాళీగా తిప్పితే లోపలి మంచు బయటికి పోతుంది, లేకపోతే రాత్రి గడ్డకట్టి పొద్దున్న రోలర్ కదలదు. రబ్బరు రెక్కలు అరుగుతాయి, నావి రెండుసార్లు మార్చా, కొన్నిటికి అరుగుదల తెలియడానికి రెక్కల్లో చిన్న చిల్లు ఉంటుంది, అది అంచుకి వచ్చేస్తే మార్చాలి. కింద నేలని గీకే ప్లాస్టిక్ పట్టీ కూడా అంతే. రెండూ మనమే స్క్రూడ్రైవరు, స్పానరు పెట్టి మార్చేసుకోవచ్చు.

కొనేది అక్టోబర్లోనే కొనమనండి, తుపాను వస్తుందని టీవీలో చెప్పాక షాపుకెళ్తే మెషిన్లూ ఉండవు, ఉప్పూ ఉండదు. 2016 జనవరిలో ఆ పెద్ద తుపానుకి న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో 27.5 అంగుళాలు పడినప్పుడు జెర్సీలో ఉన్న మా తోడల్లుడు మూడు షాపులు తిరిగి చివరికి చెత్త ఎత్తే ప్లాస్టిక్ చేటతో మొదలెట్టాడు.

డ్రైవ్‌వే పొడవెంతో, బయటి ప్లగ్గు గరాజ్ పక్కన ఉందో గుమ్మం పక్కన ఉందో అబ్బాయిని అడిగి ఇక్కడ రాయండి మాస్టారూ, వైరు ఎంత పొడుగుది, ఏ గేజ్ది తీసుకోవాలో చెప్తా.